వైఫైలో ముందెవరు, వెనకెవరు: పోర్టు నంబర్లు చెప్పేదీ చెప్పనిదీ

వీడియో కాల్‌లో అవతలివాళ్ల మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంటే ఎక్కువమంది చేసే మొదటి పని ఇంకా ఎక్కువ స్పీడున్న ప్లానుకు మారడం. కాస్త ధైర్యం ఉన్నవాళ్లు రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి క్యూఓఎస్ అనే పేజీ, అంటే ఏ డేటా ముందు వెళ్లాలో తేల్చే పేజీ తెరుస్తారు. అక్కడో పట్టిక ఉంటుంది. ఏ సర్వీసు, ఏ ప్రోటోకాల్, ఏ పోర్టు, ఎంత ప్రాధాన్యం. పోర్టు అంటే డేటా ఏ ప్రోగ్రాముకు చేరాలో చెప్పే అంకె. ఎక్కడో దొరికిన పోర్టు నంబర్ల జాబితా చూసి నాలుగు వరసలు నింపి సేవ్ కొడతారు. కాల్ బాగుపడిందా, ఘనత పట్టికది. బాగుపడలేదా, పాపం సర్వీసు ప్రొవైడర్‌ది.

ఆ పట్టిక వెనక నిజానికి రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. ప్యాకెట్లు, అంటే డేటా విడివిడిగా వెళ్లే ముక్కలు, ఆగిపోతున్నది ఎక్కడ అన్నది ఒకటి. ఆగినవాటిలో ఏది ఏమిటో గుర్తుపట్టడం ఎలా అన్నది రెండోది. పోర్టు నంబరు జవాబిచ్చేది రెండోదానికే, అది కూడా ఈ రోజుల్లో సగం జవాబే. మొదటిది తేల్చుకోకుండా రెండోదానితో కుస్తీ పట్టడం వల్లే క్యూఓఎస్ అంటే పనిచెయ్యని బటన్ అన్న పేరు పడింది.

ప్రాధాన్యం ఇచ్చినంత మాత్రాన లైను సామర్థ్యం ఒక్క బిట్ కూడా పెరగదు. ఉన్నదాంట్లో ఎవరు ముందు కదలాలి, ఎవరు నిలబడాలి అన్నదే తేలుతుంది. ఒకర్ని ముందుకు పంపామంటే ఇంకొకర్ని ఆపినట్టే. లైను ఖాళీగా ఉంటే ఈ తీర్పుతో పనే లేదు, వచ్చిన ప్యాకెట్ వచ్చినట్టు వెళ్లిపోతుంది. క్యూ ఏర్పడని చోట పెట్టిన నియమం రౌటర్ ప్రాసెసర్‌కు వెట్టిచాకిరీ. పైగా చాలా ఇళ్ల రౌటర్లలో క్యూఓఎస్ ఆన్ చేయగానే ప్యాకెట్లను చిప్ స్థాయిలో నేరుగా దాటించే యాక్సిలరేషన్ ఆగిపోతుంది. ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసరే చూడాల్సి వస్తుంది. వేగమైన లైను మీద ఉన్న స్పీడు కూడా తగ్గిందని వచ్చే ఫిర్యాదులకు ఇది ఒక కారణం.

ఆగేది ఎక్కడ

ఇంట్లోగానీ చిన్న ఆఫీసులోగానీ ప్యాకెట్లు పేరుకుపోయే చోట్లు ముఖ్యంగా రెండు. ఫోనుకీ రౌటర్‌కీ మధ్య ఉన్న గాలి ఒకటి. రౌటర్ నుంచి ప్రొవైడర్ వైపు వెళ్లే లైను రెండోది, అందులోనూ అప్‌లోడ్ దిశ.

రెండోదాన్ని ముందు చూడటం మంచిది. తప్పు ఎక్కువసార్లు దానిదే అయినా నింద వైఫై మీద పడుతుంది. ఫోన్‌లోని ఫొటోలు క్లౌడ్‌లోకి బ్యాకప్ అవుతున్నాయనుకుందాం. ఫోను వైఫై మీద సెకనుకు 200 మెగాబిట్లు పంపగలదు, బయటికెళ్లే లైను మోయగలిగేది 5 మెగాబిట్లే. మిగిలిందంతా రౌటర్‌లోనో మోడెమ్‌లోనో ఉన్న బఫర్‌లో, అంటే ప్యాకెట్లు వేచి ఉండే మెమరీలో, చేరుతుంది. ఆ బఫర్ 1 మెగాబైట్ అనుకుంటే 80 లక్షల బిట్లు. సెకనుకు 50 లక్షల చొప్పున అది ఖాళీ కావడానికి 1.6 సెకన్లు కావాలి. సరిగ్గా అప్పుడు వచ్చిన వాయిస్ ప్యాకెట్ చివర నిలబడి 1.6 సెకన్ల తర్వాత బయటపడుతుంది. సంభాషణ సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన జీ.114 సిఫార్సు చెబుతుంది. ఇక్కడ దానికి పదింతలు ఈ ఒక్క చోటే అయిపోయింది.

తమాషా ఏమిటంటే ఇదే లైను మీద స్పీడ్ టెస్టు పెడితే అంకె చక్కగా వస్తుంది. స్పీడ్ టెస్టు కొలిచేది లైను ఎంత మోసిందన్నది, దారిలో ఎంతసేపు ఆపిందన్నది కాదు. లోడ్ ఉన్నప్పటి పింగ్‌ను, అంటే ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయాన్ని, విడిగా చూపించే టెస్టులు ఇప్పుడు దొరుకుతున్నాయి, కాల్ నాణ్యత కోసం చూడాల్సింది ఆ అంకెనే. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. డేటా అందిందో లేదో సరిచూసుకుంటూ పంపే టీసీపీ పద్ధతిలో, అందినట్టు వెనక్కి పంపే ఏసీకే ప్యాకెట్లు అదే అప్‌లోడ్ క్యూలో చిక్కుకుంటాయి, అవి చేరేదాకా అవతలి సర్వర్ తర్వాతి విడత పంపదు. డౌన్‌లోడ్ స్పీడు సగమైందని మొత్తుకునేవాళ్ల ఇంట్లో అసలు దొంగ ఒక్కోసారి ఎవరి జేబులోనో ఉన్న ఫోన్ బ్యాకప్.

మెమరీ చవకయ్యేకొద్దీ తయారీదారులు పరికరాల్లో బఫర్లు పెంచుకుంటూ పోయారు. ప్యాకెట్ పోగొట్టుకోవడం కంటే దాచుకోవడం మేలన్నది వాళ్ల లెక్క. అయితే టీసీపీలోని పాత పద్ధతులకు లైను నిండిందని తెలిసేది ప్యాకెట్ పోయినప్పుడే. పోనివ్వని బఫర్ దాన్ని తప్పుదారి పట్టిస్తుంది, అది ఇంకా ఇంకా పంపుతూ పోతుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెటీస్ అనే ఇంజనీరు ఈ జబ్బును వెలుగులోకి తెచ్చారు. బఫర్‌బ్లోట్ అన్న పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది.

రెండు చోట్లలో తప్పెక్కడుందో తేల్చడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ చిరునామాకు, అంటే 192.168.1.1 లాంటి దానికి, ఇంకోదాంట్లో బయటి ఏదైనా సర్వర్‌కు పింగ్ నడపాలి. తర్వాత వేరే ఫోన్ నుంచి పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టాలి. రౌటర్ పింగ్ 3 మిల్లీసెకన్ల దగ్గరే ఉండి బయటి పింగ్ 25 నుంచి 600కు ఎగబాకితే గాలిలో తప్పేమీ లేదు, లైను దగ్గర క్యూ పెరుగుతోంది. రౌటర్ పింగే 5, 90, 12, 240 అని ఎగిరెగిరి పడుతుంటే సమస్య వైఫైది. అలాంటప్పుడు క్యూఓఎస్ పేజీలో ఎన్ని వరసలు నింపినా దక్కేది స్వల్పం. అన్నట్టు పింగ్ వాడే ఐసీఎంపీకి పోర్టు నంబరే ఉండదు. పింగ్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని పోర్టు గడిలో అంకె వెతుక్కునేవాళ్ల కోసం ఈ మాట.

గాలిలో పోటీ

వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. రౌటర్‌కు కూడా ప్రత్యేక హక్కులేమీ లేవు, అదీ పోటీదారే. వైఫై 6తో వచ్చిన ఓఎఫ్‌డీఎంఏ ఛానల్‌ను ముక్కలు చేసి కొందరికి ఒకేసారి పంచగలదు గానీ, పంచడానికి ముందు ఆ ఛానల్ రౌటర్‌కు దక్కాలిగా.

దక్కించుకునే పద్ధతి ఇది. పంపదలచిన పరికరం ముందు చెవి పెట్టి వింటుంది. ఛానల్ ఖాళీ అయ్యాక నిర్ణీత వ్యవధి ఆగుతుంది. ఆపైన యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొన్ని స్లాట్లు లెక్కపెడుతుంది. ముందు ఎవరి లెక్క పూర్తయితే వాళ్లది ఛానల్. మొదట్లో అందరికీ ఒకే వ్యవధి, ఒకే లాంటి స్లాట్లు. 2005లో వచ్చిన ఐఈఈఈ 802.11ఈ అనే వైఫై ప్రమాణం దీన్ని మార్చింది. దాని ముసాయిదాలోంచి ముఖ్యమైన భాగాన్ని తీసుకుని వైఫై అలయన్స్ 2004లోనే డబ్ల్యూఎంఎం పేరుతో సర్టిఫికేషన్ మొదలుపెట్టింది. ట్రాఫిక్ నాలుగు తరగతులైంది. వాయిస్, వీడియో, మామూలు డేటా, వెనక నడిచే డేటా.

5 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఫోన్ లాంటి పరికరానికుండే డిఫాల్ట్ అంకెలతో లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. అక్కడ ఒక స్లాటు 9 మైక్రోసెకన్లు, అందరికీ తప్పని కనీస విరామం 16 మైక్రోసెకన్లు. వాయిస్ ప్యాకెట్ ఆ విరామం మీద 2 స్లాట్లు ఆగుతుంది, మొత్తం 34 మైక్రోసెకన్లు. ఆపైన 0 నుంచి 3 లోపు స్లాట్లు లెక్కపెడుతుంది. ఎంత దురదృష్టమైనా 61 మైక్రోసెకన్లకు దాని వంతు. వెనక నడిచే డేటా 7 స్లాట్లు ఆగాలి, అంటే 79 మైక్రోసెకన్లు. ఆ తర్వాతే 0 నుంచి 15 లోపు లెక్క మొదలు. ఇద్దరూ ఒకేసారి కొత్తగా బయలుదేరితే వాయిస్ ఓడిపోయే ప్రసక్తే లేదు. మామూలు డేటా సంగతి వేరు. దానికి 3 స్లాట్లు, 43 మైక్రోసెకన్లు, ఆపైన 0 నుంచి 15. చిన్న అంకె తగిలితే వాయిస్‌ను దాటి ముందుకు పోగలదు. కనుక డబ్ల్యూఎంఎం ఇచ్చేది హామీ కాదు, మొగ్గు.

అన్నింటినీ వాయిస్ తరగతిలో పడేస్తే పోలేదా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. వాయిస్‌కు స్లాట్ల ఎంపిక 0, 1, 2, 3 మాత్రమే. అదే తరగతిలో నాలుగైదు పరికరాలు పోటీపడితే ఇద్దరికి ఒకే అంకె రావడం దాదాపు ఖాయం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరి ప్యాకెట్లూ పాడై, మళ్లీ మొదటికొస్తారు. ఢీకొన్నప్పుడు మామూలు డేటా తన పరిధిని 1023 స్లాట్ల దాకా పెంచుకుంటూ వెనక్కి తగ్గగలదు, వాయిస్ పరిధి 7 దగ్గరే ఆగిపోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. చిన్న ప్యాకెట్లను కలిపి ఒకే మూటగా పంపే ఆగ్రిగేషన్‌ను చాలా డ్రైవర్లు వాయిస్ తరగతికి వాడవు. ఈ రోజుల్లో వైఫై స్పీడుకు ప్రాణం ఆ ఆగ్రిగేషనే. కాబట్టి పెద్ద డౌన్‌లోడ్‌ను వాయిస్ తరగతిలోకి ఎక్కిస్తే దాని స్పీడూ తగ్గుతుంది, పక్కవాళ్ల కాలూ చెడుతుంది.

డబ్ల్యూఎంఎం ఆపేస్తే స్పీడు పెరుగుతుందన్న సలహా ఇప్పటికీ చలామణిలో ఉంది. 802.11ఎన్ అనే వైఫై తరం, ఆ తర్వాతి తరాల వేగాలన్నీ డబ్ల్యూఎంఎం ఉంటేనే పనిచేస్తాయి. దాన్ని ఆపితే లింకు 54 మెగాబిట్ల పాత రేటుకు పడిపోతుంది. ఆ స్విచ్చు జోలికి పోకపోవడమే మంచిది.

ఇంకో సంగతి రౌటర్ పట్టికలో కనపడదు. రౌటర్‌లో పెట్టిన నియమం రౌటర్ పంపే ప్యాకెట్లకే వర్తిస్తుంది. ఫోన్ నుంచి రౌటర్ దాకా వచ్చే దారిలో ఏ ప్యాకెట్‌కు ఏ తరగతి అన్నది ఫోనూ అందులోని యాపూ తేల్చుకోవాల్సిందే. కాల్‌లో మీ గొంతు అవతలివాళ్లకు తెగిపోతూ, వాళ్ల గొంతు మీకు చక్కగా వినిపిస్తోందంటే, పట్టిక చెయ్యి చాలని దిశలో ఇబ్బంది ఉందన్న అనుమానం పెట్టుకోవచ్చు.

వీటన్నిటికంటే ఎక్కువ గాలిని మింగేది దూరంగా ఉన్న పరికరం. సిగ్నల్ బలహీనపడితే అది 6 మెగాబిట్ల రేటుకు దిగుతుంది. దగ్గరున్న ఫోన్ 600 మెగాబిట్ల రేటులో చిటికెలో ముగించే ప్యాకెట్‌కు ఇది దాదాపు నూరింతల సమయం తీసుకుంటుంది. ఆ సమయమంతా మిగతావాళ్లు మౌనంగా ఉండాలి. ఒక్క నెమ్మది పరికరం అందరి స్పీడునూ తన స్థాయికి లాగుతుందని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లోనే చూపించారు. ప్యాకెట్ల సంఖ్యను కాకుండా గాలిలో తీసుకునే సమయాన్ని సమానంగా పంచే ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ దీనికి మందు. సెట్టింగుల్లో ఆ పేరు కనపడితే ఆన్ చేయడం మేలు. లేకపోతే మూలగదిలోని టీవీకి కేబుల్ లాగడం ఏ క్యూఓఎస్ నియమం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

చీటీ మీద రాసిన అంకె

ఏ ప్యాకెట్ ఏ తరగతికి చెందుతుందో వైఫై చిప్‌కు చెప్పేది సాధారణంగా పోర్టు నంబరు కాదు. ప్రతి ఐపీ ప్యాకెట్ తలకట్టులో డీఎస్‌సీపీ అనే 6 బిట్ల గడి ఉంటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలను ప్రకటించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 1998 నాటి 2474 దాన్ని నిర్వచించింది. వాయిస్‌కు అక్కడ 46 రాయడం ఆనవాయితీ. రౌటర్‌లోని పోర్టు నియమం కూడా లోపల చేసేది చాలావరకు ఇదే, పోర్టు చూసి ఆ గడిలో అంకె రాయడం లేదా తన సొంత క్యూ ఎంచుకోవడం.

ఇక్కడో పాత తిరకాసు ఉంది. వైఫైలో ప్రాధాన్య స్థాయిలు 0 నుంచి 7 దాకా. 6 బిట్ల అంకెను ఇందులోకి దించడానికి ఎన్నో పరికరాలు మొదటి మూడు బిట్లు మాత్రం తీసుకుని మిగతావి వదిలేస్తాయి. 46ను బైనరీలో రాస్తే 101110. మొదటి మూడు 101, అంటే 5. వైఫైలో 5 వీడియో తరగతి కిందికొస్తుంది, వాయిస్ కావాలంటే 6 గానీ 7 గానీ ఉండాలి. వాయిస్ అని స్పష్టంగా రాసిన ప్యాకెట్ గాలిలోకి వచ్చేసరికి వీడియో వరసలో నిలబడుతుందన్నమాట. 46ను 6కు జతచేయాలని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 స్పష్టంగా సూచించింది. ఆఫీసులకు అమ్మే యాక్సెస్ పాయింట్లలో ఈ జత మార్చుకునే వీలు ఉంటుంది, ఇంటి రౌటర్లలో అరుదు. ఇంకో విడ్డూరం, స్థాయి 1, 2 కన్నా 0 మేలు. 0 మామూలు డేటా, 1, 2 వెనక నడిచే డేటా.

ఆ చీటీ ఊరు దాటి పోతుందన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. చాలామంది ప్రొవైడర్లు తమ నెట్‌వర్కులోకి వచ్చే ప్యాకెట్లలో ఆ గడిని సున్నా చేస్తారు. సబబే. లేకపోతే అందరూ 46 రాసుకునేవాళ్లు. కాబట్టి ఇంట్లో రాసిన ప్రాధాన్యం ఇంటి గడప వరకే.

పోర్టు నంబరు సంగతి

పోర్టు 16 బిట్ల అంకె, 0 నుంచి 65,535 దాకా. ఐపీ చిరునామా ప్యాకెట్‌ను కంప్యూటర్ దాకా తెస్తే, ఆ కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాముకు ఇవ్వాలో పోర్టు చెబుతుంది. టీసీపీకి, అందిందో లేదో చూడకుండా పంపే యూడీపీకి పోర్టులు విడివిడి. టీసీపీ 443 వేరు, యూడీపీ 443 వేరు. ఈ తేడా కిందికి పోయేకొద్దీ ముఖ్యమవుతుంది. 0 నుంచి 1023 దాకా పేరున్న సర్వీసులకు, 1024 నుంచి 49151 దాకా నమోదు చేసుకున్నవాటికి, ఆపైన తాత్కాలిక వాడకానికి అని ఇంటర్నెట్ అంకెల పంపిణీ చూసే అయానా విభజన. ఇంటర్నెట్ తొలి రోజుల్లో ఈ జాబితా జాన్ పోస్టెల్ చూసుకునేవారు. దూరంలోని కంప్యూటర్‌లోకి గుప్తంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కు 22 రావడం కూడా అలాంటి చనువు కాలం సంగతే. 1995లో దాన్ని రాసిన టాటూ యూలోనెన్ ఎఫ్‌టీపీ 21కీ టెల్నెట్ 23కీ మధ్య ఖాళీ చూసి 22 కావాలని ఈమెయిలు పెట్టారు, ఇచ్చేశారు.

రోజూ తగిలే పోర్టులు లెక్కకు మరీ ఎక్కువేం కాదు. పేరు నుంచి చిరునామా వెతికే డీఎన్‌ఎస్‌ది 53, మామూలుగా యూడీపీ, అదే పని గుప్తంగా చేసే డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్‌ది టీసీపీ 853. రౌటర్ దగ్గర చిరునామా తెచ్చుకునే డీహెచ్‌సీపీకి యూడీపీ 67, 68. గడియారం సరిచేసుకునే ఎన్‌టీపీకి 123. మెయిల్‌లో మూడు నాలుగు అంకెలు కలగాపులగమై కనిపిస్తాయి. సర్వర్ నుంచి సర్వర్‌కు 25, మెయిల్ యాప్ నుంచి పంపడానికి 587 లేదా 465, పెట్టె చదవడానికి ఐమ్యాప్ 993. ఇళ్ల కనెక్షన్ల మీద 25ను చాలా ప్రొవైడర్లు మూసేస్తారు, స్పామ్ భయం. యాప్‌లో 25 పెట్టి మెయిల్ పోవడం లేదని తలపట్టుకునేవాళ్లకు జవాబు 587. ఇంట్లో ప్రింటర్, టీవీ కనపడటం యూడీపీ 5353, 1900 పుణ్యం. సిగ్నల్ లేనిచోట వైఫై మీద నడిచే మొబైల్ కాల్ యూడీపీ 500, 4500 మీద ఐపీసెక్ అనే గుప్త సొరంగంలో పోతుంది. పోర్టు నియమం ఇప్పటికీ నికరంగా పనికొచ్చే సందర్భాల్లో ఇదొకటి.

జాబితా చేతిలో ఉన్నా బోల్తా కొట్టించేది ఇంటర్నెట్ ఫోన్. ఇంటర్నెట్ ఫోన్ కాల్ కలిపే ప్రోటోకాల్ సిప్, దాని పోర్టు 5060 అని ప్రతి జాబితాలోనూ ఉంటుంది. పట్టికలో 5060కి హై పెట్టి, గొంతు ఇంకా తెగుతోందేమిటని ఆశ్చర్యపోతారు. 5060 మీద నడిచేది కాల్ కలపడం, తెంచడం, ఎవరు పిలుస్తున్నారో చెప్పడం. గొంతు ఆర్‌టీపీ అనే వేరే ప్రవాహంలో, ఆ కాల్ కోసం అప్పటికప్పుడు మాట్లాడుకున్న యూడీపీ పోర్టుల మీద వెళుతుంది. ఆస్టరిస్క్ అనే ఇంటర్నెట్ ఫోన్ సర్వర్‌లో మామూలుగా కనిపించే పరిధి 10000 నుంచి 20000. 5060కి ప్రాధాన్యం ఇస్తే గంట మాత్రం చకచకా మోగుతుంది, అంతే. గొంతు ప్రవాహం ఎంత సన్ననిదో కూడా చూడాలి. గొంతును అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌లో 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్, అందులో 160 బైట్ల గొంతు, 40 బైట్ల తలకట్టు. సెకనుకు 50 ప్యాకెట్లు, 80 కిలోబిట్లు. ఏ లైనుకైనా ఇది గడ్డిపోచ. దీనికి కావాల్సింది వెడల్పు కాదు, వేళకు వదలడం.

వీడియో కాల్ సర్వీసులు తమ పోర్టులు ప్రకటిస్తాయి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ మీడియాకు యూడీపీ 3478 నుంచి 3481, గూగుల్ మీట్‌కు 3478తో పాటు 19302 నుంచి 19309, జూమ్‌కు 8801 నుంచి 8810. వీటికి నియమం రాయడం దండగ కాదు. అయితే యూడీపీ అడ్డుపడిన నెట్‌వర్కులో ఇవి టీసీపీ 443కు మళ్లుతాయి, నియమం చూస్తూ ఉండిపోతుంది.

నియమం రాసేటప్పుడు దిశ తప్పడం కూడా మామూలే. కంప్యూటర్‌లో నెట్‌స్టాట్ కొడితే 192.168.1.20:51344 నుంచి 203.0.113.7:443కు అన్నట్టు ఒక వరస కనిపిస్తుంది. 443 అవతలి సర్వర్‌ది. 51344 మన కంప్యూటర్ ఆ కనెక్షన్ కోసం అప్పటికప్పుడు ఎంచుకున్నది, రేపు వేరే ఉంటుంది. అప్‌లోడ్ ప్యాకెట్లో 443 గమ్యం పోర్టు, డౌన్‌లోడ్ ప్యాకెట్లో అదే 443 బయలుదేరిన పోర్టు. గమ్యం గడిలో ఒక్కచోటే 443 రాస్తే, కొన్ని రౌటర్లలో డౌన్‌లోడ్ మొత్తం నియమానికి అందకుండా దాటిపోతుంది.

443 దగ్గరికి వచ్చేసరికి పోర్టు ఆధారిత ప్రాధాన్యం కథ దాదాపు ముగుస్తుంది. ఇరవై ఏళ్ల కిందట వెబ్ 80 మీద, మెయిల్ 110 మీద, ఫైళ్లు 21 మీద, టొరెంట్ 6881 ప్రాంతంలో. అంకె చూస్తే పని తెలిసేది. ఇప్పుడు బ్యాంకు పేజీ, సినిమా స్ట్రీమింగ్, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్, ఫొటోల బ్యాకప్, చాట్, డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అన్నీ ఒకే గుమ్మంలోంచి, అదీ ముసుగేసుకుని వెళుతున్నాయి. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా వచ్చిన, యూడీపీ మీద నడిచే క్విక్ ప్రోటోకాల్, దాని మీద వెబ్‌ను నడిపే, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9114గా వచ్చిన హెచ్‌టీటీపీ 3 యూడీపీ 443ను కూడా ఇందులో కలిపేశాయి. యూడీపీ అంటే ఆటలూ కాల్సూ, దానికి ముందుదారి ఇవ్వాలి అని రాసిన పాత నియమం ఇప్పుడు పెద్ద వీడియో డౌన్‌లోడ్‌కు కూడా అదే దారి ఇస్తుంది. 443కు హై పెట్టడమంటే దాదాపు అందరికీ హై పెట్టడమే.

అంకె చదివి, అర్థం వదిలేసే పద్ధతి

ఏది ఏమిటో గుర్తుపట్టడం ఇంత కష్టమైనప్పుడు, గుర్తుపట్టకుండానే న్యాయం చేయవచ్చా? చేయవచ్చని గత పదేళ్లలో బాగానే రుజువైంది. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. అది క్యూ ఎంత పొడవుందో చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెట్టి, పంపేవాడికి తగ్గమని సైగ చేస్తుంది. దానికి ప్రవాహాలను విడదీసే ఏర్పాటు కలిపితే ఎఫ్‌క్యూ కోడెల్, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290.

పోర్టు నంబరుకు ఇక్కడ కొత్త ఉద్యోగం దొరికింది. ఎఫ్‌క్యూ కోడెల్ రెండు వైపుల చిరునామాలు, రెండు వైపుల పోర్టులు, ప్రోటోకాల్ కలిపి ఒక హాష్, అంటే వాటి నుంచి పుట్టే ఒక అంకె, లెక్కకట్టి, దాన్నిబట్టి ప్యాకెట్‌ను మామూలుగా 1024 క్యూల్లో ఒకదానిలో వేస్తుంది. 443 అంటే వెబ్ అని దానికి తెలియదు, అక్కర్లేదు. ఈ ప్రవాహం వేరు, ఆ ప్రవాహం వేరు అని తెలిస్తే చాలు. వంతులవారీగా అన్ని క్యూలకూ అవకాశం ఇస్తూ, అప్పుడప్పుడూ ఒక చిన్న ప్యాకెట్ తెచ్చే క్యూను ముందు వదులుతుంది. 20 మిల్లీసెకన్లకొకసారి 200 బైట్లు పంపే కాల్, ఒక్క ప్యాకెట్ డీఎన్‌ఎస్ ప్రశ్న, ఏసీకేలు సహజంగానే ముందుకొస్తాయి. బ్యాకప్ తన క్యూలో తాను పేరుకుంటుంది. 443 ముసుగు మీద గొడవే లేదు. 2018లో లినక్స్ 4.19తో చేరిన కేక్ మరో అడుగు వేసి, ఒక పరికరం నలభై కనెక్షన్లు తెరిచినా పరికరానికింత అని పంచగలదు, డీఎస్‌సీపీ చీటీని కూడా గౌరవించగలదు. రౌటర్లలో ఇవి ఎస్‌క్యూఎం లేదా స్మార్ట్ క్యూ లాంటి పేర్లతో కనిపిస్తాయి.

షరతు ఒకటే, కానీ చాలామంది అక్కడే తప్పుతారు. క్యూ రౌటర్‌లో ఏర్పడితేనే రౌటర్ దాన్ని చక్కదిద్దగలదు. లైను 5 మెగాబిట్లు మోస్తుంటే రౌటర్‌లో పరిమితి 100 అని ఉంచితే క్యూ మోడెమ్‌లో పెరుగుతుంది, అక్కడికి మన చెయ్యి చాలదు. అందుకే లైను నిజంగా ఇచ్చే స్పీడు కొలిచి, దానికంటే 5 నుంచి 15 శాతం తక్కువ అంకె పెట్టాలి. అప్‌లోడ్‌కు ఒకటి, డౌన్‌లోడ్‌కు ఒకటి. ప్లాను కాగితం మీద ఉన్న అంకె పనికిరాదు. కాస్త స్పీడు వదులుకోవడానికి మనసొప్పదు గానీ, పై ఉదాహరణలోని 1.6 సెకన్లు పదుల మిల్లీసెకన్లకు దిగేది ఈ ఒక్క అంకెతోనే. గంటగంటకూ స్పీడు మారే మొబైల్ డేటా లాంటి లైన్ల మీద ఇది ఇబ్బందే. తక్కువ పెడితే ఉన్నది వృథా, ఎక్కువ పెడితే క్యూ మళ్లీ చేజారుతుంది.

ఎస్‌క్యూఎం లేని రౌటర్‌లో పట్టికే దిక్కు. అప్పుడు కూడా సర్వీసు కంటే పరికరం వారీగా ప్రాధాన్యం ఇవ్వడం నయం. పని చేసే ల్యాప్‌టాప్‌కు హై, బ్యాకప్ తీసే పెట్టెకు లో. ముఖ్యమైనదాన్ని పైకెత్తడం కన్నా బరువైనదాన్ని కిందికి దించడం తేలికగా ఫలిస్తుంది, ఎందుకంటే బరువైనవి ఒకటో రెండో ఉంటాయి, అవేమిటో ఇంట్లోవాళ్లకు తెలుసు.

ప్రాధాన్యానికీ పోర్టు తెరవడానికీ సంబంధం లేదన్నది ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది. పోర్టు ఫార్వర్డింగ్ పేజీలో అంకెలు నింపితే ఆట వేగంగా నడుస్తుందన్న నమ్మకం పాతుకుపోయింది. ఫార్వర్డింగ్ చేసేది బయటినుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్‌ను లోపలి పరికరానికి అందించడం. ఆటలో తోటివాళ్లు నేరుగా కనెక్ట్ కావడానికి అది కొన్నిసార్లు పనికొస్తుంది, ఆలస్యం తగ్గించదు. తెరిచిన పోర్టు మాత్రం ప్రపంచమంతటికీ తెరిచినట్టే. 2016లో పరికరాలను దొంగచాటుగా లొంగదీసుకునే మిరాయ్ బాట్‌నెట్ లక్షల కెమెరాలనూ రౌటర్లనూ పట్టుకున్నది టీసీపీ 23, 2323 మీద తట్టి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు వేసి చూసే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై పాకింది 445 మీద. వీటితో పాటు విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389ను కూడా బయటికి తెరిచి ఉంచకూడదు. మనం తెరవకపోయినా యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే లోపలి పరికరాలు అడిగిన పోర్టును రౌటర్ మనల్ని అడక్కుండానే తెరుస్తుంది. ఏవి తెరిచిందో చూపించే జాబితా చాలా రౌటర్లలో అదే యూపీఎన్‌పీ పేజీలో కింద ఉంటుంది.